ఎండ పడే దండెం

లంగా నాడా బిగిసిన చోట మళ్లీ దురద మొదలైంది. శ్రీజ రెండు చేతుల్లోనూ వరినారు ఉంది. మోకాళ్ల దాకా బురద. పొద్దున మడిలో దిగినప్పుడు నడుం దాకా తడిసిన బట్ట ఇంకా ఒంటికి అంటుకునే ఉంది. గోక్కుందామంటే పక్కన అంతా జనం, గట్టు మీద ఆసామి. పళ్లు బిగబట్టి మోచేత్తో నడుము రుద్దుకుంది.

"ఏందే, నిలవడి ఆడుతున్నవు? డాన్సు గిట్ట నేరుస్తున్నవా?" పక్క సాలులోంచి జములమ్మ నవ్వింది.

"జలగ వట్టింది పెద్దమ్మా."

జలగైతే పీకి పారేయొచ్చు. ఇది తామర. నిరుడు వానల్లో చిన్న బిళ్లంత మొదలై, ఇప్పుడు నడుం చుట్టూ ఎర్రటి అంచులతో పాకింది. అత్త తిరుపతమ్మ ఎల్లిగడ్డ నూరి కట్టింది. తామర పోలేదు గానీ తోలు కాలి పొక్కింది. తర్వాత మొగుడు శ్రవణ్ అమరచింత మెడికల్ షాపు నుంచి ట్యూబు తెచ్చాడు. అతనికీ తొడల్లో ఉంది, ఎవరికీ చెప్పడు. ఆ ట్యూబు రాస్తే మంత్రం వేసినట్టు దురద ఆగేది. మానేసిన వారానికి రెండింతలై వచ్చేది.

మధ్యాహ్నం బువ్వ వేళకు బిడ్డకు పాలివ్వడానికి ఇంటికి పోయింది. తేజుకింకా ఏడాది నిండలేదు. శ్రీజ కట్టి విడిచిన చీరతోనే తొట్టెల కట్టారు. తల్లి వాసన ఉంటే పిల్ల బాగా నిద్రపోతుందని అత్త మాట. పిల్లను ఎత్తుకుని మెడ కింద చెమట తుడవబోయి ఆగిపోయింది. చెమటకాయలనుకున్నవి ఇవాళ ఉంగరంలా గుండ్రంగా, అంచు లేచి కనిపించాయి. తన నడుం మీద మొదటి రోజుల్లో ఉన్నట్టే.

"పొద్దుగాల్నే ట్యూబు రాసిన, పరేషాన్ గాకు," అంది తిరుపతమ్మ.

శ్రీజ మళ్లీ మడికి పోలేదు. సగం కూలి పోతే పోయిందని పిల్లను చంకనేసుకుని, ఆ ట్యూబు పట్టుకుని పల్లె దవాఖానకు నడిచింది.

నర్సు బాలమణి ట్యూబు తిప్పి చూసి పక్కన పెట్టింది. "దీంట్ల దురదను అణిచే మందు గూడ కలిపిండ్రు. పైకి తగ్గినట్లుంటది, తామర మాత్రం పాకుతనే ఉంటది. పసిదానికి ఇది మల్ల పెట్టకు. రేపు డాక్టరు సారొస్తడు, పిల్లను సూపిద్దాం. నువ్వీ తెల్ల ట్యూబు పూసుకో. మచ్చలు మాసినంక గూడ రెండు వారాలు ఆపొద్దు."

"సరే సిస్టరమ్మ."

"విడిచిన చీర తొట్టెలకు కట్టకు. తువ్వాల ఎవరిది వాళ్లకే. బట్టలు ఉడుకునీళ్లల్ల పిండి ఎండల ఆరెయ్యి. మీ ఆయనకు ఉన్నదా?"

శ్రీజ నేల చూపులు చూసింది.

"ఉన్నదన్నట్టు. ఆయన గూడ పూసుకోవాలె. లేకుంటె నీకు తగ్గినా మల్లొస్తది."

శ్రీజ గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చింది. "ఎండల అంటే... లోపటి బట్టలు గూడనా?"

"అవ్వే ముందుగాల."

దారంతా అదే మాట తలలో తిరిగింది. ఇంటి వెనక, బావగారితో వాటాలు పంచుకున్నప్పుడు కట్టిన గోడ, దాని మీద రేకులు, ఎండ చొరబడదు. అక్కడి తడికల బాతురూంలో తాడు మీద లంగాలు వేసి, పైన పాత చీర కప్పుతారు. వానకాలం అవి మురిగిన వాసన వేస్తాయి, ఆరవు. ఆ పచ్చివే కట్టుకోవాలి. ఎండ పడేది ఇంటి ముందర ఒక్కచోటే. దర్వాజా పక్క మేకు నుంచి వేపచెట్టుకు కట్టిన దండెం అది, సరిగ్గా లోపలికొచ్చే దారికి అడ్డంగా. బాటకవతల చాయ హోటలు.

నీళ్లు మరిగించింది. పిండింది. శ్రవణ్ అంగీలు జరిపి తన లంగాలు రెండూ వరసగా దండెం మీద వేసింది.

తిరుపతమ్మ బయటికొచ్చి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఏమే, దయ్యం వట్టిందా? బాట మీద లంగలేందే. హోటల్ కాడ మొగోళ్లు గూసున్నరు."

"ఎండల ఎయ్యమన్నది సిస్టరమ్మ."

"ఆమెకేంది, నౌకరున్నది. ఆమె వాకిట్ల ఏసుకొమ్మను. పెండ్లైనకాడికెల్లి నా లంగ సూర్యుణ్ణి సూడలే. నేనేమన్న సచ్చిన్నా?"

శ్రీజ అత్త నడుం వైపు చూసింది. మునుపొకసారి వీపు రుద్దుతూ ఆ నడుం చుట్టూ పట్టీలా నల్లబడి, మందమెక్కి, బీటలు వారిన తోలు చూసింది. అడిగితే, "నాడా ఒరిపిడే, అందరికుంటది," అంది తిరుపతమ్మ. అత్త నడుం, తన నడుం, ఇప్పుడు పిల్ల మెడ.

"తీస్తవా, నన్ను తియ్యమంటవా?"

తిరుపతమ్మ ఒకటి లాగి బాతురూంలోకి విసిరింది. శ్రీజ పోయి, దాన్ని కడిగి తెచ్చి, మళ్లీ వేసింది. లోపలికి పోయి పిల్లను ఎత్తుకొచ్చింది.

అంతలో శ్రవణ్ ఆటో వచ్చి ఆగింది. హోటల్ బల్ల మీద నుంచి ఎవరో గొంతు పెంచారు. "శ్రవణన్నా, తోరణాలు కట్టిండ్రు మీ ఇంట్ల. ఏం పండుగనే?"

నవ్వులు. శ్రవణ్ దండెం ముందర నిలబడిపోయాడు. తల వంచితే తప్ప లోపలికి దారి లేదు. మొహం కందిపోయింది. "ఏంది గిది? తియ్యి," అన్నాడు, పెదవులు కదలనట్టుగా.

"మొగోని నెత్తికి తగుల్తదే, తియ్యి!" తిరుపతమ్మ వెనక నుంచి తోసినంత పని చేసింది.

శ్రీజ పిల్లను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని దండెం పక్కకు వచ్చింది. చేయి చాచి లంగా అంచు పట్టి చూసింది.

"ఇంక ఆరలే," అంది.

శ్రవణ్ బయటే ఉన్నాడు. హోటల్లో నవ్వులు ఆగాయి. పడమటి దిక్కు నుంచి నల్లమబ్బు పైకి లేస్తోంది. శ్రీజ మొగుణ్ణీ చూడలేదు, అత్తనీ చూడలేదు. తల పైకెత్తి, ఆ మబ్బుకూ ఎండకూ మధ్య ఎంత ఎడముందో చూస్తూ అక్కడే నిలబడింది.