ఏడో మడి పరిగె

జగిత్యాలకు డీన్‌గా రమ్మంటే ఎవరూ రారు. ఈ మాటంటే మా వాళ్లకు కోపం. కానీ ముప్పై అయిదేళ్లుగా ఈ వ్యవసాయ కళాశాల ఆఫీసులో ఫైళ్లు మోస్తున్నదాన్ని, నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? పెద్ద చదువులు చదివిన వాళ్లందరికీ హైదరాబాదే కావాలి. డీన్ కుర్చీ ఖాళీ అయి రెండేళ్లయింది. మొదటిసారి ప్రకటన వేస్తే ఇద్దరు దరఖాస్తు పెట్టుకుని, ఊరెక్కడుందో చూసుకున్నాక ఇద్దరూ వెనక్కి తగ్గారు. రెండోసారి ముగ్గురు పెట్టారు. ఆఫీసు సూపరింటెండెంటుగా ఆ మూడూ సరిచూడటం నా పని.

మూడోది తెరిచాను. డాక్టర్ జైపాల్. రాయ్‌పూర్‌లో వరి శాస్త్రవేత్త. హైస్కూలు చదువు కోరుట్ల ప్రభుత్వ హాస్టల్లో ఉండి. సొంతూరు ముత్యంపేట. తల్లి పేరు గౌరవ్వ.

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. ముప్పై నాలుగేళ్ల కింద కూలీల మస్టరులో గౌరవ్వ పేరు మీద ఎర్ర సిరాతో గీత కొట్టింది నేనే.

అప్పుడు నేను కొత్తగా చేరిన గుమాస్తాను. గౌరవ్వ మా కళాశాల పరిశోధన ఫారంలో దినకూలీ. మొగుడు దుబాయి పోయి రెండేళ్లు. మొదట్లో రెండు ఉత్తరాలు వచ్చాయి, తర్వాత మనిషి జాడే లేదు. గుంట భూమి లేదు. పదమూడేళ్ల కొడుకు జైపాల్‌ను వెంటేసుకుని పనికి వచ్చేది.

ఆ ఏడాది కోతల ముందు వాన పడింది. కొత్త వరి రకాన్ని పరీక్షిస్తున్న మళ్లలో ఏడోది నేలకొరిగింది. కోసేటప్పుడు కంకులు చాలా రాలాయి. మామూలు పొలంలో అయితే మోపులు కళ్లంలోకి పోగానే మిగిలిన కంకులు పరిగె కిందికి వస్తాయి. అవి ఏరుకున్నవాళ్లవే, ఆసామి కూడా అడ్డు చెప్పడు. గౌరవ్వ చిన్ననాటి నుంచి ఎరిగిన న్యాయం అదే. అందరూ సద్దులు విప్పుకున్న వేళ ఆమె ఏడో మడిలోకి దిగి ఒడి నిండా ఏరుకుంది, సాయంత్రం ఇంటికి పట్టుకుపోయింది. పరీక్ష మడిలో రాలిన కంకి కూడా తూకంలోకి రావాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

తూకం తగ్గింది. మూడేళ్లుగా పరీక్షిస్తున్న రకం పాత రకం ముందు కొద్దిలో ఓడిపోయింది. దాన్ని తయారు చేసిన మార్కండేయులు సారు సిరిసిల్ల నేతగాళ్ల ఇంటి మనిషి. ఒక్క పోగు తెగినా మగ్గం ఆపించే తండ్రి దగ్గర పెరిగాడట. తప్పంటే ఆయనకు తప్పే. సంగతి తెలిసి మరునాడు పొద్దున గౌరవ్వ ఆ కంకులన్నీ మూటగట్టి వెనక్కి తెచ్చినా ఆయన వినలేదు. మూట అక్కడ పెట్టి వెళ్లమన్నాడు. "ఆమె పేరు తీసెయ్" అని నాతో అన్నాడు. తీసేశాను. ఇదేం న్యాయం సారూ అని ఒక్క ముక్క అడగలేదు. గౌరవ్వ కొడుకును కోరుట్ల హాస్టల్లో వదిలి, ఇళ్లు కట్టే పనికి బొంబాయి పోయింది.

ఇప్పుడు డీన్ ఎంపిక కమిటీకి చైర్మన్ ఎవరనుకున్నారు? రిటైరై సిరిసిల్లలో ఉంటున్న ఆ మార్కండేయులు సారే.

ఇంటర్వ్యూ రోజు జైపాల్‌ను వరండాలో పట్టుకున్నాను. సన్నటి మనిషి. బూట్లకు అప్పటికే బురద అంటుకుని ఉంది. పొద్దున్నే వచ్చి మళ్లన్నీ తిరిగాడన్నమాట.

"సార్, ఒక్క మాట. లోపల మీ అమ్మ పేరు ఎత్తకుండ్రి. చైర్మన్ సారు ఎవరో మీకు ఎరుకే గదా" అన్నాను.

"ఎరుకే మేడం."

"ఆయన పోల్చుకోడు. గీ వయసుల గంత యాది ఉండది. మీరు చెప్పకుంటే అయిపాయె."

అతను బూట్ల బురద మెట్టు అంచుకు గీసి తుడుచుకున్నాడు.

"మా అమ్మ రాయ్‌పూర్ల నా దగ్గర్నే ఉంటది మేడం. నా మళ్లు చూస్తనని అస్తది. అచ్చి గట్టు మీదనే నిలవడ్తది. ఇన్నేండ్లల్ల ఒక్కనాడు మడిల కాలు పెట్టలే. నేను దిగితే యిత్తనం ఖరాబైతది కొడుకా అంటది. ఆమెను ఒక్కసారి గా ఏడో మడిల దింపాలె. ఈ నౌకరికి అందుకే పెట్టిన. ఆమె పేరు దాచి గీ కుర్చీల కూసుంటే ఆమె ఎట్ల దిగుతది?"

అతన్ని వరండా బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్లాను.

రాసుకోవడానికి లోపల ఓ మూల కూర్చున్నాను. కమిటీలో సారుతోపాటు యూనివర్సిటీ నుంచి వచ్చిన ఇద్దరున్నారు. మొదటి అభ్యర్థి, వారానికి మూడు రోజులు హైదరాబాదు నుంచే కాలేజీ నడపవచ్చా అని అడిగాడు. రెండో ఆయన క్వార్టర్‌లో ఏసీలు ఎన్ని అన్నాడు. మూడోవాడిగా జైపాల్ వచ్చాడు. వరి గురించి అడిగినవన్నీ చెప్పాడు. ఆఖరున మార్కండేయులు సారు అందుకున్నాడు.

"మా ఫారం గురించి నీకేం తెల్సు?"

"చిన్నప్పటి సంది ఎరుక సార్. మా అమ్మ గౌరవ్వ ఈడ్నే కూలి చేసింది. ఏడో మడిల పరిగె ఏరింది ఆమెనే."

అయిపోయిందనుకున్నాను. సారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"మూట తెచ్చిననాడు నువ్వు గూడ ఉన్నవు. ఎర్ర నిక్కరు ఏసుకున్నవు" అన్నాడు. "దరఖాస్తు చూసిననాడే పోల్చిన. నువ్వు చెప్తవా లేదా అని చూసిన. నువ్వు చెప్పకపోతే నేనూ చెప్పకపోదునేమో."

కళ్లద్దాలు మడిచి జేబులో పెట్టుకుని సారే మళ్లీ అన్నాడు.

"మీరు పోయినంక గా మూట దులిపించి తూచిన. రెండు కిలోల ముప్పావు. అది కలిపితే ఏడో మడి నెగ్గింది. నా రకం నెగ్గింది. కానీ ఓడిందని ముందటి దినమే హైదరాబాదుకు తంతి కొట్టిన. మళ్ల రాయాలంటే, కోత కాడ నేను లేను, చాయ తాగ పోయిన అని రాయాలె. నా తప్పు రాయనీకి చెయ్యి రాలే. ఆమె పేరు తీసేసుడు అల్కగ అయింది."

ఆ ముసలాయన మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. మస్టరు గుర్తుకొచ్చేసరికి ఆ కోపం నా మీదికే తిరిగింది.

సారు మార్కుల కాగితం పక్కకు జరిపాడు. "ఈయనకు నేను మార్కులు వెయ్య. వేస్తే ఎక్కువ వేస్త. మీ ఇద్దరే వెయ్యుండ్రి" అని బయటికి వెళ్లిపోయాడు. ఆ ఇద్దరూ విడివిడిగా వేశారు. ఇద్దరి లెక్కలోనూ జైపాలే మొదట నిలిచాడు.

డీన్‌గా అతను ఇచ్చిన మొదటి ఉత్తర్వు నేనే టైపు చేశాను. తూకం ముగిసి లెక్క రాసుకున్నాక ప్రతి మడినీ పరిగెకు వదలాలి, ఆ సంగతి కోతకు ముందే కూలీలందరికీ చెప్పాలి అని రెండే వాక్యాలు.

నవంబరు కోతలకు మార్కండేయులు సారు సిరిసిల్ల నుంచి బస్సులో వచ్చాడు. గౌరవ్వ గట్టు మీద నిలబడి ఉంది. డెబ్బై ఏళ్లు, నడుము వంగింది. ఏడో మడి కోత అయింది, రాలిన కంకులతో సహా తూచారు. సారు ఆమె ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"గౌరవ్వా, ఆనాడు నీ మూట తూచిన. ఏడో మడి నెగ్గింది. తప్పు నాది. నీకు చెప్పకపోవుడు ఇంకా పెద్ద తప్పు."

ఆమె తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"నెగ్గిందా సారు?" అంది. "అయితే గా యిత్తనం మంచిదే. నా చేతుల ఖరాబు కాలే."

"కాలే గౌరవ్వా."

"బొంబాయిల ఇటుకలు మోసినన్ని దినాలు గదే యాదికచ్చేది. గంత మంచి వరి నా ఆకలికి పాడైపాయె అని."

సారు తల వంచుకున్నాడు. నాకిక ఆగలేదు. "గీత కొట్టింది నేనే గౌరవ్వా" అన్నాను.

"ఎరుకే ప్రేమలతమ్మా. నీ ముందలనే నిలవడ్డ గదా. గీత కొట్టినంక నువ్వు తల ఎత్తలే, చూసిన."

కళ్లు తుడుచుకోవడానికి నాకు కొంగు దొరకలేదు. ఆమె మడి వైపు తిరిగి, మళ్లీ నన్నే అడిగింది.

"తూకమైందా అమ్మా?"

"అయింది. దిగు."

చెప్పులు విడిచింది. ఒక కాలు మడిలో పెట్టి మళ్లీ ఆగింది.

"రాసుకున్నరా?"

"రాసుకున్నం గౌరవ్వా."

అప్పుడు వంగింది. మొదటి కంకి అందుకుని, మట్టి దులిపి, ఒడిలో వేసుకుంది. జైపాల్ గట్టు మీదే ముఖం అటు తిప్పుకుని నిలబడ్డాడు. మార్కండేయులు సారు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఆమె వెనకే దిగాడు. ఏరిన ప్రతి కంకీ తెచ్చి ఆమె ఒడిలోనే వేశాడు.