ఎర్ర ఆర్మ్‌ల జత

పాత అంబాసిడర్ ముందు చక్రాలు రెండూ ఊడదీసి, కింది ఆర్మ్‌ని కిరసనాయిలు గుడ్డతో తుడుస్తున్నాడు అప్పలస్వామి. చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనుప చెయ్యి అది. నలభై ఏళ్ళ కిందటి సరుకు. కీళ్ళలో వేసే రబ్బరు బుష్‌లు అరిగాయి తప్ప ఇనుము నిక్షేపంలా ఉంది. ఆ మాట వారం నుంచి చెబుతున్నాడు. వినే నాథుడు లేడు.

శ్రీకాకుళంలోని ఈ షెడ్డుకి అతడు ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా వస్తున్నాడు. బండ్ల కింద పడుకుని పడుకుని నడుము ఎడమకి ఒరిగింది. బోర్డు మీద అతడి పేరు లేదు. అతడు బిగించిన బండి దారిలో ఆగిందని మాత్రం ఎవరూ తిరిగి రాలేదు. అదొక్కటే చూసుకుని బతికాడు.

పదింటికి బట్టలకొట్టు రమేష్‌బాబు వచ్చాడు. బండి అతడిది, ఆదివారాలు పిల్లల్ని ఎక్కించుకుని కోటబొమ్మాళి అత్తవారింటికి వెళతాడు. ఫోన్‌లో చూసి తెప్పించిన ఎర్రరంగు ఆర్మ్‌ల జతను బెంచీ మీద పెట్టాడు. రేసుబండ్లకి వేసే రకమట.

అప్పలస్వామి ఒకదాన్ని పానాతో కొట్టి చూశాడు. గొట్టానికి రింగు అతికిన చోట డొల్లగా మోగింది. అతడికి ఒళ్ళు మండిపోయింది.

“ఏటి బాబూ ఇది? బండికి బిగించీదా, గుమ్మానికి ఏలాడగట్టీదా? అతుకు పైపైనే ఉన్నాది. బుష్ సూస్తే రాయిలాగున్నాది. గోతిలో పడితే దెబ్బంతా అతుక్కే తగుల్తాది. ఇరిగితే చక్రం పడుకుంటాది. పాతవాటికే కొత్త రబ్బర్లు ఏయించు.”

“కొత్త సరుకు సంగతి నీకేటి తెలుసు?” నవ్వాడు రమేష్‌బాబు.

షెడ్డు యజమాని ధనరాజ్ కల్పించుకున్నాడు. “మావా, పార్టీ ఏది తెస్తే అది బిగించు. నీకెందుకీ గోల?”

“సిన్నపిల్లలు, గుంటలు ఎక్కుతార్రా అందులో!”

“నువ్వు బిగిస్తావా, వెంకీని పిలవమంటావా?”

వెంకీ రెండో మెకానిక్కు. ఏదిచ్చినా కళ్ళు మూసుకుని బిగించేస్తాడు. తను కాదన్నా ఆ ఆర్మ్‌లు ఆ బండికే ఎక్కుతాయి. అప్పలస్వామి ఆ కోపాన్ని మింగలేకపోయాడు. ఇన్నేళ్ళలో ఒకరి నట్టు కూడా పాడుచేయని మనిషి, ఎర్ర ఆర్మ్‌ని బెంచీకున్న ఇనుప పట్టు వైసులో బిగించి, అతుకు మీదుగా హ్యాక్సా రంపంతో కోయడం మొదలుపెట్టాడు. ధనరాజ్ చెయ్యి పట్టుకోబోతే మోచేత్తో నెట్టేసి చివరిదాకా కోశాడు.

“పిచ్చెక్కిందేటి మావా? పో! మరి ఈ గుమ్మం ఎక్కకు!” అరిచాడు ధనరాజ్.

“పోతాను. ముందు లోపల సూడండి.”

ఇద్దరూ చూడలేదు. అలాంటిదే ఇంకో జత ఎప్పటికి వస్తుందోనని ఫోన్‌లో వెతుకుతున్నారు. అప్పలస్వామి రంపాన్ని బెంచీ మీద పడేశాడు. చేతులైనా కడుక్కోకుండా చెప్పులేసుకుని వంతెన వైపు వెళ్ళిపోయాడు.

వైసులో కోసిన ముక్క అలాగే ఉండిపోయింది. పైన గీతంత అతుకు, దాని కింద గొట్టానికీ రింగుకీ మధ్య రూపాయి బిళ్ళ దూరేంత సందు.