చాప మీది మూడు రోజులు

"మల్లనా? మొన్ననే గద కూసున్నవ్!"

చాప చంకన పెట్టుకుని ముందరి గదిలోకి పోతున్న ఉజ్వలను ఆపి, అత్త మాణిక్యమ్మ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది. పదహారే. ఆ ఇంట్లో నెలసరి వచ్చిన ఆడమనిషి మూడు రోజులు పొయ్యి ముట్టదు, గిన్నె తాకదు. ముందరి గదిలో ఒక చాప, విడిగా ఓ పళ్లెం, ఓ గ్లాసు, అంతే. ఇబ్రహీంపట్నంలో చుట్టుపక్కల ఇళ్లన్నీ ఈ పట్టింపు ఎప్పుడో వదిలేసినా మాణిక్యమ్మ వదల్లేదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ చాప మీద కూర్చుని ఉజ్వల కుమిలి కుమిలి ఏడ్చేది. ఇప్పుడు ఆ చాప కోసమే అబద్ధమాడుతోంది.

రెండు నెలల్లో ఇది రెండో అబద్ధం. కారణం చెబితే నలుగురూ నవ్విపోతారు. తొమ్మిదో తరగతి చదివే కూతురు శ్రీనిధి బడి నుంచి తెచ్చిన నవల అది. రోజుకో తలుపు మాయమైపోయే ఊరు, కనబడకుండా పోయిన అక్కను వెతుక్కుంటూ వచ్చిన పద్నాలుగేళ్ల పిల్ల. ఇంగ్లీషు కూడబలుక్కుంటూ చదవాలి కాబట్టి మూడు రోజులు ఏ మూలకూ చాలవు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషికి ఇదేం పిచ్చి అని తనను తానే తిట్టుకుంది కూడా. కానీ కథలోని ఆ పిల్లకు అనుమానం వస్తే అది నిజమవుతుంది! ఈ గోడ వెనక ఏదో ఉందంటే ఊరి పెద్దలు పలుగులు తెస్తారు. ఉజ్వలకు అనుమానం వస్తే ఈ ఇంట్లో దొరికేది ఒకటే మాట: "నీకేం దెలుసు, ఊకో." బిడ్డది మామూలు జ్వరం కాదని మొత్తుకున్నప్పుడూ అదే అన్నారు, డెంగీ అని తేలాక కూడా అదే అన్నారు. మిగతా రోజుల్లో పుస్తకం పట్టుకుంటే "ఖాళీగున్నవా?" అంటూ ఎవరో ఒకరు పని పట్టుకొస్తారు. చాప మీద ఉంటే మాత్రం ఎవరూ పిలవరు.

నాలుగో రోజు తలస్నానం అయ్యీ కాగానే భర్త క్రాంతికుమార్ కారు తీశాడు. పదహారు రోజులకే మళ్లీ వచ్చిందని అత్త అతనికి అప్పటికే చెప్పింది. అత్తతో సహా ముగ్గురూ హయత్‌నగర్‌లో ఒక చిన్న ప్రైవేటు దవాఖానకు పోయారు. డాక్టరమ్మ స్కాన్ చూసి, "ఇందుల అయితే ఏం కనబడ్తలేదు" అంటూనే, "పిల్లలు పెద్దగయిన్రు గదా. గర్భసంచి తీసేస్తే పీడ పోతది" అంది.

"తీసేయుండ్రి మేడం," అన్నాడు క్రాంతికుమార్, బోరు మోటరు విప్పించమన్నంత తేలిగ్గా. "బుధవారం పెట్టుకుందం. గురువారం మన్నెగూడల నాకు ప్లాటు రిజిస్ట్రేషనుంది."

ఎవరూ ఉజ్వల వైపు చూడలేదు. ఇంతమంది కలిసి వెతుకుతున్న రోగం తన అబద్ధమే. నోరు విప్పితే జన్మలో మళ్లీ నమ్మరు, చాప పోతుంది. విప్పకపోతే కడుపు కోస్తారు, అప్పుడూ చాప పోతుంది. ఎటు తిరిగినా ఆ మూడు రోజులు దక్కవు. నాలుగు పేజీలు చదువుకోవడానికి ఒంట్లో లేని రక్తాన్ని సాకుగా తెచ్చుకున్న తన బతుకు మీద ఆమెకు అసహ్యం పుట్టింది. నర్సు కాగితం తెచ్చి క్రాంతికుమార్ ముందు పెట్టింది. అతను పెన్ను మూత తీశాడు.

"నాకు ముట్టు గాలె," అంది ఉజ్వల. "రెండుసార్లు అబద్ధం జెప్పిన. శ్రీనిధి పుస్తకం సదువుకుందామని కూసున్న."

డాక్టరమ్మ కళ్లజోడు తీసింది. క్రాంతికుమార్ మొహం ఎర్రబడింది. "పిల్లల కథల కోసమా? పిచ్చి గిట్ల లేసిందా నీకు? అందరి ముంగట ఇజ్జత్ తీస్తివి!"

మాణిక్యమ్మ దిగ్గున లేచింది. "మూడు దినాలు ముసల్దాన్ని, నాతోని వండిపిచ్చినవ్ గదనే! నడువ్, ఇంటికి వొయ్యి పొయ్యి ముట్టియ్యి."

ఉజ్వల కుర్చీ పట్టుకుని నిలబడింది.

"ఇంక నలబై పేజీలున్నయ్ అత్తమ్మా. అయినంక ముట్టిస్త."