మంట నిలిచే గుంట

ఆ షెడ్డులోని ఇంజనులో కదిలే భాగం ఒక్కటీ లేదు. కొత్త డైరెక్టరుగారిలోనూ అంతే. కాకపోతే ఇంజనును వెనకనుంచి రాకెట్టు తోసి, ధ్వనికి ఐదింతల వేగం అందిస్తే తర్వాత తన పని తాను చేసుకుపోతుంది.

మొన్నటిదాకా కుర్చీలు, బీరువాలు కొనే విభాగాన్ని ఏలిన ఆయన, ఇంజను గొట్టంలోకి తొంగిచూసి ముఖం చిట్లించారు.

“ఈ గుంటేంటి మేస్త్రీ? రేపు పెద్దలొస్తున్నారు. రేకు వేసి మూసెయ్.”

“మంట నిలిచేది అక్కడే సార్,” అన్నాడు ఫిట్టరు. “లోపల కూడా గాలి ధ్వనిని మించి పోతుంటుంది. ఆ ఉరవడికి ఇంధనం అంటుకునేలోపే బయటికి కొట్టుకుపోతుంది. ఈ గుంటలో కాస్త గాలి సుడి తిరిగి నెమ్మదిస్తుంది. మంట అక్కడ తలదాచుకుంటుంది.”

“నాకే పాఠాలా? గోడ నున్నగా ఉంటే గాలి హాయిగా పోతుంది.”

పోతుంది, మంటను వెంటబెట్టుకుని. అలా అనుకుంటూనే ఫిట్టరు గుంట కొలత తీసుకున్నాడు.

ఈ గుంటకు డ్రాయింగు గీసిన ఇంజనీరమ్మాయి పురిటికని ఆసుపత్రిలో ఉంది. మూడేళ్ళ కష్టం. రేపు పెద్దల ముందు జరిగే పరీక్షలో మంట ఐదు సెకన్లు నిలవకపోతే షెడ్డుకు తాళమే. “బాబాయ్, నా గుంటను నీకు అప్పగించా,” అని పొద్దున్నే ఫోను చేసింది.

ఫిట్టరు తళతళలాడే రేకు కోసి, రెండు స్క్రూలతో బిగించాడు. మర్నాడు పెద్దలు తొంగిచూశారు, ఫొటోలు దిగారు, అద్దాల గదిలోకి వెళ్ళారు. వాళ్ళు కూర్చునేలోపు అతను రేకు ఊడదీసి జేబులో వేసుకున్నాడు. “స్వామీ, ఇది అబద్ధమో లౌక్యమో నువ్వే తేల్చు,” అని దండం పెట్టుకుని వెళ్ళి వాళ్ళ వెనక నిలబడ్డాడు.

కాగిన గాలి గొట్టంలోకి ఉరికింది. గోడలు వణికాయి. మంట అంటుకుంది. ఐదో సెకను దాటినా ఆరలేదు.

“చూశారుగా, అంతా నునుపు మహిమ,” అన్నారు డైరెక్టరుగారు, కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలి. “రాబోయే పది ఇంజన్లకూ గుంటలు తీసేయిస్తున్నా. డ్రాయింగులు ఇవాళే మారుస్తాం.”

అందరూ చప్పట్లు కొట్టారు. దేవుడు ఇంత తొందరగా తీర్పు చెబుతాడని ఫిట్టరు అనుకోలేదు. జేబులోంచి రేకు తీసి పెద్దల ముందు బల్లమీద పెట్టాడు. దానికి మసి చుక్కయినా అంటలేదు.

“నునుపు ఇక్కడుంది సార్. మంట గుంటలో నిలిచింది.”

గుంట ఎవరి ఆలోచనని పెద్దల్లో ఒకాయన అడగ్గానే డైరెక్టరుగారు మొదటిసారి కుర్చీలోంచి చటుక్కున లేచారు.

“ఆసుపత్రిలో ఉన్న మా అమ్మాయిదండీ,” అన్నాడు ఫిట్టరు, ఆయన నోరు తెరిచేలోపు.