లోరెట్టా తూటా

ఇడాహో కొండల్లో కుందేలు కూరకు పనికిరావాలంటే దాన్ని సన్నటి గుండుతోనే కొట్టాలి. పెద్ద రివాల్వర్ గుండు తగిలితే తోలూ ఎముకలే మిగులుతాయి. అందుకే లోరెట్టా రెండేళ్లు పట్టుబట్టి, పెద్ద తూటా ఇత్తడి గుల్ల మూతిని సీసా మెడలా నొక్కి, దానికి సన్నటి గుండు బిగించి, సొంతంగా ఒక తూటా తయారుచేసింది.

కానీ పేల్చిన ప్రతిసారీ ఖాళీ గుల్ల వెనక్కి జారి అడ్డుపడేది. ఆరు తూటాలు పట్టే సిలిండర్ తిరక్కుండా బిగుసుకుపోయేది.

"నీ తూటా కన్నా నా గాడిద నయమే పిల్లా! తంతే కనీసం కదులుతుంది," అన్నాడు ఆ తూటా కోసం రివాల్వర్ చేసిచ్చిన ముసలి డెల్మర్, అలవాటు ప్రకారం సిలిండర్‌లో తూటాలు దూర్చే గదులకు గుడ్డతో నూనె పట్టిస్తూ. "ఇది వరసగా ఆరుసార్లు పేలితే, గొట్టం మీద నీ పేరు నా చేత్తో చెక్కుతా."

లోరెట్టా చూపు నూనెగుడ్డ మీద ఆగిపోయింది. పేలిన గుల్ల ఉబ్బి గది గోడను పట్టుకుని నిలబడాలి. గోడ నూనెతో జారుతుంటే ఏం పట్టుకుంటుంది?

"ఇలా ఇవ్వు!" అని రివాల్వర్ లాక్కుని ఆరు గదులూ పొడిగుడ్డతో తుడిచి, తన తూటాలు నింపింది. దూరంగా కంచె మీద ఆరు డబ్బాలు నిలబెట్టి ఒక్కొక్కటే కొట్టింది. ఆరూ పడ్డాయి. సిలిండర్ ఒక్కసారీ ఆగలేదు.

డెల్మర్ ఉలి అందుకున్నాడు.

"లోతుగా చెక్కు తాతా," అంది లోరెట్టా, తలెత్తి. "నీ నూనెకి పూడిపోకూడదు."