నిధులొచ్చిన పోస్టాఫీసు

పల్లెటూళ్ళ పోస్టాఫీసులు మూతపడకుండా ప్రభుత్వం నిధులిస్తోందని తెలిసిన రోజు మా ఆడపడుచు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆమె మా ఊరి పోస్టుమాస్టరు. ఆఫీసు మా ఇంటి ముందుగదిలోనే. మధ్యలో ఒక తలుపు, అటు ఆమె ముద్రలు కొట్టే చప్పుడు, ఇటు నా కుట్టుమిషను చప్పుడు. మొగుడు ఇంకో ఆవిడతో వెళ్ళిపోయాక ఆ కుర్చీయే ఆమెకు దిక్కయింది. అది పోతే ముద్దకోసం నా వంటింటి గుమ్మంలో నిలబడాలి. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

నిధులకో మెలిక పెట్టారు. నెలరోజులు చూసి, బాగా ఉత్తరాలు పడే ఆఫీసుకే డబ్బట. మా ఊరి డబ్బాలో పడేవి ఎండుటాకులు. ఆమె ఇల్లిల్లూ తిరిగి బతిమాలింది. "ఎవరికో ఒకరికి రాయండి, చాలు" అంది.

రాశారు. కానీ పొరుగూళ్ళ చిరునామాలు ఎవరికి తెలుసు గనక? అందరి దగ్గరా ఉన్నవి ఫోన్ నంబర్లే. కిరాణా కొట్టాయన పక్కింటి టీచరమ్మకు రాశాడు. టీచరమ్మ ఎదురింటి మేస్త్రికి రాసింది. మేస్త్రి ఎవరూ తోచక సొంత పెళ్ళానికే రాశాడు. ఏం రాశాడో గాని, ఆవిడ రెండురోజులు అతనికి అన్నం వడ్డించలేదు.

ఇన్‌స్పెక్టరు నెలాఖరున వచ్చి ఆ రోజు సంచి బోర్లించాడు. చిరునామాలు చూసి పగలబడి నవ్వాడు.

"ఇదేంటమ్మా, అన్నీ ఈ ఊరినుంచి ఈ ఊరికేనా? టౌనుకెళ్ళి మళ్ళీ పక్కింటికి రావాలా? గోడమీంచి కేకేస్తే పోయేదానికి బండి ఖర్చు ఎవడు పెడతాడు?"

"ఉత్తరాలు పడాలన్నారు, పడ్డాయి. ఎక్కడికి రాయాలో మీరు చెప్పలేదుగా అండీ."

అతను గొంతు తగ్గించాడు. నేను మిషను ఆపి చెవి పెట్టాను.

"చూడమ్మా, మూసెయ్యక తప్పదు. కాకపోతే నిధులు ప్రకటించి మరీ మూసేశామంటే మాకు పైనుంచి అక్షింతలు పడతాయి. ఒంట్లో బాగోలేక నువ్వే మానేస్తున్నట్టు రాసిచ్చెయ్. నీకూ మర్యాద, మాకూ మర్యాద."

థూ! మూసే చేతికి మసి అంటకూడదట. ఆ మసి మా పిల్ల మొహాన పూయాలట. నేను మిషను మీంచి లేచాను. ఆమె నన్ను ఆగమన్నట్టు చెయ్యి చూపించింది.

"నా ఒంట్లో బాగానే ఉందండీ. మూసేదేదో మీరే మూయండి. ఆ మాట సంతకం పెట్టి ఉత్తరం పంపండి. అది నా చేతికందేదాకా తలుపు తీసే ఉంచుతాను."

ఫైలు చంకలో ఇరికించుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత ఊళ్ళో ఒక్కరూ కలం పట్టలేదు. "పీడా వదిలిందమ్మా, రాసీ రాసీ వేళ్ళు నొప్పెట్టాయి" అన్నాడు కొట్టాయన, నవ్వుతూ, ఆమె ఎదుటే. ఆ నవ్వు చూస్తే ఇన్‌స్పెక్టరే నయమనిపించింది. అతను పరాయివాడు, వీడు ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు.

రోజూ పొద్దున్నే టౌను నుంచి సంచి వచ్చేది. ఆమె విప్పి, అడుగుదాకా చెయ్యి పెట్టి వెతికేది. మూసేస్తున్నామన్న ఉత్తరం ఉండేది కాదు. అది లేని రోజల్లా ఆమెకు ఉద్యోగం ఉన్నట్టే. నాకూ ఆశ పుట్టింది.

ఒక మధ్యాహ్నం మోటారుసైకిలు ఆగింది. ప్రైవేటు కొరియరు కంపెనీ మనిషి దిగి, పోస్టుమాస్టరు గారెవరని అడిగాడు. చేతిలో తపాలాశాఖ వాళ్ళ కవరు.

"పోస్టులో వేస్తే ఎప్పటికి చేరుతుందో ఏమోనని మాకిచ్చారండీ" అన్నాడు.

ఆమె అతను చూపించిన చోట సంతకం పెట్టింది.