మౌనం అనే రూలు

శశికళకి ఆ పని అప్పగించినప్పుడు కౌస్తుభ్ అదేమంత పెద్ద విషయం కాదన్నట్టే మాట్లాడాడు. పాత ఫ్రేమ్‌వర్కునీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూసి, కంపెనీకి ఏది నయమో తేల్చి ఒక డాక్యుమెంట్ రాసిమ్మన్నాడు. అతను డైరెక్టరు. ఇక్కడే వర్జీనియాలో పుట్టి పెరిగినవాడు, ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు. ఆష్‌బర్న్ తెలుగువాళ్ల పిక్నిక్కుల్లో ఎదురుపడితే ఆమెను ఆంటీ అంటాడు, ఆఫీసులో శశి అంటాడు. ఆ రోజు గదిలో ఇద్దరే ఉన్నారు. అయినా శశి అనే అన్నాడు.

వాళ్ల కంపెనీ జబ్బుపడిన మనుషుల ఇళ్లకు సామాను అద్దెకిస్తుంది. ఆసుపత్రి మంచాలు, చక్రాల కుర్చీలు, ఆక్సిజన్ మిషన్లు. ఎవరింట్లో ఏ వస్తువు ఉందో, ఎప్పుడు వెళ్లిందో, ఎందుకు తిరిగొచ్చిందో అంతా కంప్యూటర్లలోనే ఉంటుంది. ఆ అప్లికేషన్లన్నీ నిలబడిన పునాదినే ఫ్రేమ్‌వర్క్ అంటారు. పాతది కంపెనీలోనే తయారైంది. దాంట్లో ఒక నియమాన్ని డేటా పక్కన ఒక్కచోట రాస్తే చాలు, పైన ఎన్ని అప్లికేషన్లు ఉన్నా అన్నీ దానికి కట్టుబడతాయి. కొత్తది బయటివాళ్లు అమ్మేది. తెర మీద డబ్బాలు లాగి, గీతలతో కలిపితే పొద్దున మొదలుపెట్టిన అప్లికేషన్ సాయంత్రానికి తయారవుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కాని అందులో ఏ అప్లికేషన్ నియమాన్ని ఆ అప్లికేషన్‌లోనే విడిగా రాసుకోవాలి.

పాతదాన్ని కట్టినవాళ్లలో ఇప్పుడు మిగిలింది జితేందర్ ఒక్కడే. కరీంనగర్ వాడు, హెచ్ వన్ వీసా మీద ఉన్నాడు. గ్రీన్‌కార్డు వరసలో అతని వంతు ఎప్పటికి వస్తుందో ఎవరూ చెప్పలేరు. పాతది పోతే అతని పని పోతుంది. పని పోతే వీసా పోతుంది. భార్య మనీషా అతని వీసా మీదే ఇక్కడ ఉంది. కూతురు అవని ఇక్కడే పుట్టింది, రెండో తరగతి చదువుతోంది. డాక్యుమెంట్ మొదటి పేజీ తెరిచినప్పుడు శశికళ కళ్ల ముందు ఫ్రేమ్‌వర్కులు లేవు, ఈ ముగ్గురే ఉన్నారు.

ఆమె జితేందర్‌కి ఋణపడి ఉంది. ఆ సంగతి వాళ్లిద్దరి మధ్యా ఒక్కసారి కూడా మాటల్లోకి రాలేదు.

ఆమె భర్త పద్మనాభం ఊపిరితిత్తుల జబ్బుతో పోయి రెండేళ్లవుతోంది. చివరి నెలల్లో ఆయనకు పెట్టిన ఆక్సిజన్ మిషన్ వీళ్ల కంపెనీదే. ఆయన పోయిన వారానికి మనుషులొచ్చి దాన్ని తీసుకెళ్లారు. పడకగదిలో కార్పెట్ మీద నాలుగు చక్రాల గుంటలు మిగిలాయి. మరో వారానికి ఆయన ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. పద్మనాభం గారూ, మిషన్ మీకు ఎలా ఉపయోగపడుతోంది, నక్షత్రాలు ఇచ్చి చెప్పండి అని. తాను పనిచేసే కంపెనీ నుంచే వచ్చింది. ఆమె ఎవరితోనూ అనలేదు. మర్నాడు ఆఫీసులో ఆ ఫోన్ టేబుల్ మీద ఉండగా అదే మెసేజ్ మళ్లీ వచ్చింది. ఏదో అడగడానికి వచ్చి నిలబడ్డ జితేందర్ దాన్ని చూశాడు. అడగవలసింది అడక్కుండానే వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆ మెసేజ్ రాలేదు. కొన్నాళ్లకు పాత ఫ్రేమ్‌వర్కులో నియమాలు చూస్తుంటే ఒక కొత్త రూలు ఆమె కంటపడింది. మనిషి పోయినందువల్ల సామాను తిరిగొస్తే, ఆ ఇంటికి ఏ అప్లికేషన్ నుంచీ ఏ పలకరింపూ వెళ్లకూడదు. పేరు దగ్గర ఇంగ్లీషు అక్షరాల్లో ‘మౌనం’ అని ఉంది. ఎవరు అడిగితే రాశాడో తెలిపే చోట ఏమీ లేదు.

పోల్చడానికి కంపెనీలో ఒక పద్ధతి ఉంది. ఒకే స్క్రీన్‌ని రెండింటిలోనూ కట్టి చూస్తారు. తిరిగొచ్చిన సామానుని నమోదు చేసే స్క్రీన్‌ని ఎంచుకున్నారు. జితేందర్ పాతదాంట్లో కట్టాడు. అమ్మేవాళ్ల తరఫున వచ్చిన కుర్రాళ్లు కొత్తదాంట్లో కట్టారు. వాళ్ల స్క్రీన్ ఫోన్‌లోనూ చక్కగా కనబడింది, రంగులు కుదిరాయి, కస్టమర్ జవాబు ఇవ్వకపోతే మూడో రోజున మళ్లీ గుర్తుచేస్తుంది, అప్పటికీ పలకకపోతే తానే ఫోన్ చేస్తుంది. గుర్తుచేసే సదుపాయాలు అన్న గడిలో శశికళ కొత్తదానికి అయిదుకి అయిదూ వేసింది. వెయ్యకుండా ఎలా ఉంటుంది, ఉన్నమాటే కదా.

చనిపోయినవారి సామానుతో కూడా ఆమె పరీక్షించి చూసింది. పాతది మాట్లాడలేదు. కొత్తది మెసేజ్ పంపింది. కుర్రాళ్లని అడిగితే, ఆ రూలు కూడా పెట్టొచ్చు మేడమ్, కాకపోతే మెసేజ్‌లు పంపే ప్రతి అప్లికేషన్‌లోనూ విడివిడిగా పెట్టుకోవాలి అన్నారు. 

దాన్ని డాక్యుమెంట్‌లో ఎలా రాయాలో ఆమెకు తెలియలేదు. రాయదగిన వాక్యం ఒకటే ఉంది. అది రాస్తే అలాంటి మెసేజ్ వచ్చిన ఇల్లు ఎవరిదో చెప్పాలి. మీటింగులో తెర మీద పెట్టి అందరూ చదువుతారు. అయాం సో సారీ అంటారు, క్షణం ఆగి తర్వాతి గడికి వెళ్తారు. ఆ క్షణాన్ని ఆమె భరించలేదు. ‘నియమాల నిర్వహణలో పాతది మెరుగు’ అని మాత్రం రాసి, ఒక మార్కు ఎక్కువ వేసింది.

మార్కులు కూడితే కొత్తదే ముందుంది. అప్పుడు ఆమెకు జితేందర్ కోసం ఏదైనా చెయ్యాలనిపించింది. అంకెలు మార్చడం చేతకాదు. చివర అభిప్రాయాలు రాసే చోటు మిగిలింది. మన ఇళ్లల్లో ఒక మనిషిని నిలబెట్టాలంటే ఎలా మాట్లాడతామో అలాగే రాసింది. జితేందర్ ఒక్కడికే ఇదంతా తెలుసు, అతను లేకపోతే ఈ సిస్టమ్‌ని అర్థం చేసుకోగలవాళ్లు కంపెనీలో ఎవరూ లేరు అని. రాసి రెండుసార్లు చదువుకుంది. ఇది చదివాక అతన్ని వదులుకోవాలని ఎవరికి అనిపిస్తుంది అనుకుంది. పంపించేసింది.

మీటింగులో కౌస్తుభ్ మార్కుల పట్టికను తెర మీద పెట్టనే లేదు. ఆ ఒక్క వాక్యాన్ని పెట్టాడు. ఎర్ర రంగు వేసి ఉంది. పెద్ద కంపెనీల లెక్కలో అంతా ఒక్క మనిషి చేతిలో ఉండడం కన్నా భయపడవలసింది మరొకటి లేదు. అతను రేపు రాకపోతే మన గతేమిటి అని పై అంతస్తు నుంచి వచ్చినవాళ్లు అడిగారు. అది ఆమె రాసిన వాక్యమే, ఒక్క అక్షరం కూడా మారలేదు. టీ చల్లారేలోపే కొత్తదానికి మారాలని తేలిపోయింది.

అందరూ లేచాక ఆమె కౌస్తుభ్‌ని ఆపింది. తాను రాసింది ఆ అర్థంతో కాదని చెప్పింది.

“ఆంటీ, నాకు తెలుసు. మీరు అతనికి హెల్ప్ చెయ్యాలి అనుకున్నారు. కానీ అది రాయకపోతే నేను ఇంకో క్వార్టర్ పోస్ట్‌పోన్ చేసేవాడిని. ఇప్పుడు నా చేతిలో లేదు.”

ఆఫీసులో అతను ఆంటీ అనడం అదే మొదటిసారి.

మర్నాడు మధ్యాహ్నం బ్రేక్‌రూమ్‌లో జితేందర్ తన అన్నం డబ్బా తీసుకుని ఆమె కూర్చున్న టేబుల్ దగ్గరికి వచ్చాడు. అక్కడి కిటికీలోంచి రోడ్డు అవతల డేటా సెంటర్లు కనబడతాయి. తలుపులున్నా కిటికీల్లేని పొడుగాటి కట్టడాలు. మనీషా వండిన గోకరకాయ కూర సగం ఆమె మూతలో పెట్టాడు. ఆమె పెరుగన్నం అలాగే ఉంది. అతనికి సంగతి తెలిసిపోయిందని ఆమెకు తెలుసు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చెంచా పట్టుకుని కూర్చుంది.

“తినుండ్రి అక్కా. చల్లగైతది,” అన్నాడు. అన్నం కలుపుకుంటూ, “నేను చదివిన మీ డాక్యుమెంట్. మంచిగనే రాసిండ్రు నా గురించి.”

“జితేందర్, నేను అలా అనుకోలేదు.”

“నాకెర్కనే కదక్కా. మా అమ్మ గూడ పెండ్లి సంబంధాలప్పుడు గట్లనే చెప్తుండె. మావోడు లేకపోతె ఇల్లే నడువదని. ఒకాయన అన్నడు, గంత పనుంటె మా పిల్లనెప్పుడు చూసుకుంటడు అని. లేచి పోయిండు.” 

నవ్వాడు. ఆమె కూడా నవ్వబోయింది గాని మొహం సహకరించలేదు.

“మనీషా ఏమంటోంది?”

“ఏమంటదక్కా. సూట్‌కేసులు దించుమన్నది.”

తర్వాత కేటీ మొదలైంది. వెళ్లేవాడు తనకు తెలిసిందంతా వచ్చేవాళ్లకు అప్పజెప్పడాన్ని అక్కడ అలా అంటారు. జితేందర్ ఏదీ దాచుకోలేదు. ప్రతి నియమాన్నీ తెరిచి, ఎందుకు పెట్టారో ఓపిగ్గా చెప్పాడు. శశికళ రోజూ ఆ గదిలో కూర్చుంది. మౌనం దగ్గరికి వచ్చేసరికి కుర్రాళ్లలో ఒకడు పేరుకి అర్థమేమిటని అడిగాడు. ఉట్టి పేరే అన్నాడు జితేందర్, ఆమె వైపు చూడకుండా.

ఇది మొదటి విడతలోనే రావాలని ఆమె గట్టిగా చెప్పింది. ఇలాంటివి నెలకి ఎన్ని వస్తాయని వాళ్లు అడిగారు. మిగతావాటితో పోలిస్తే తక్కువేనని ఒప్పుకోవలసి వచ్చింది. ఎవరైనా కస్టమర్ కంప్లయింట్ చేశారా అని అడిగారు. అప్పుడు చెప్పి ఉండవచ్చు. జితేందర్ ఆమెకోసం ఆగాడు. చెబుతుందేమోనని ఆగాడో, చెప్పకపోయినా పరవాలేదనడానికి ఆగాడో. ఎవరూ చెయ్యలేదని ఆమె చెప్పింది. అది రెండో విడతలోకి వెళ్లింది. రెండో విడతకు తేదీ ఏమీ పెట్టలేదు.

పని పోయాక దేశంలో ఉండనిచ్చే అరవై రోజుల గ్రేస్ పీరియడ్‌లో జితేందర్ చాలా ఇంటర్వ్యూలు ఇచ్చాడు. అడిగినవాళ్లందరికీ కొత్తవే కావాలి. అతను పదేళ్లుగా కట్టింది బయట ఎవరూ పేరు కూడా వినని వస్తువు. శశికళ రిఫరెన్సుగా తన పేరు ఇమ్మంది. ఒక కంపెనీవాళ్లు ఫోన్ చేసి అతని గురించి అడిగారు. ఈసారి ఆమె చాలా జాగ్రత్తగా, ఒక్కో మాటా తూచి చెప్పింది. వాళ్లూ తీసుకోలేదు. ఆమె మాటల వల్లో, కాదో, ఆమెకు ఎప్పటికీ తెలియదు.

సామాను వాట్సాప్ గ్రూపులో పెట్టి అమ్మేశారు. సోఫా ఎవరో వచ్చి తీసుకెళుతుంటే అవని దాని వెనకే కారు దాకా నడిచి, “అంకుల్, బీ కేర్‌ఫుల్, దానికి ఒక లెగ్ లూజ్ ఉంది,” అని చెప్పింది. వాషింగ్టన్ డల్లస్ ఎయిర్‌పోర్టుకి శశికళే డ్రైవ్ చేసింది. లోపలికి వెళ్లే ముందు జితేందర్ వంగి ఆమె కాళ్లకు దండం పెట్టాడు. ఆమె అతని భుజం పట్టుకుని లేపింది.

వేసవిలో కొత్త సిస్టమ్‌కి మారారు. డేటా అంతా ఏ లోటూ లేకుండా వచ్చింది. పాతదాంట్లో ఏ ఇంటి పేరు పక్కనా మౌనం అని రాసిపెట్టి ఉండేది కాదు. మెసేజ్ పంపేముందు ప్రతిసారీ ఆ రూలు చూసి ఆపేది, అంతే. అందుకని ఆపిన ఇళ్ల గుర్తు డేటాలో లేదు. వాళ్లంతా మామూలు కస్టమర్లుగానే అటునుంచి ఇటు వచ్చారు.

శనివారం పొద్దున ఆమె పెసలు రుబ్బుతోంది. మిక్సీ ఆపినప్పుడు పడకగదిలోంచి ఫోన్ చప్పుడు వినబడింది. తన ఫోన్ చేతి దగ్గరే ఉంది. పద్మనాభం ఫోన్ నంబరు ఆమె తీసెయ్యలేదు. రోజూ చార్జింగ్ పెడుతుంది. ఆ చప్పుడు ఆయన ఎంచుకున్నది, గుడిగంట లాంటిది. విని రెండేళ్లు దాటింది. చేతులకు పిండి ఉండగానే వెళ్లింది. వెళ్లే ఆ నాలుగడుగుల్లో ఆమె అనుకున్నది తనకు తానే చెప్పుకోలేనిది.

పద్మనాభం గారూ, మీ ఆక్సిజన్ మిషన్ ఎలా ఉంది? కింద అయిదు నక్షత్రాలు.

మంచం పక్కన కార్పెట్‌లో ఆ గుంటలు ఇంకా ఉన్నాయి. వాటి మీద వాక్యూమ్ నడపకుండా చుట్టూ తిప్పుతుంది. అక్కడే నేలమీద కూర్చుంది. తనలాగే ఈ పొద్దున ఇంకెన్ని ఇళ్లల్లో ఎవరెవరు లేచి ఫోన్ దగ్గరికి పరిగెత్తి ఉంటారో అనుకుంది. జితేందర్‌కి రాద్దామని తన ఫోన్ తీసింది. అతనుంటున్న హైదరాబాద్‌లో అప్పుడు సాయంత్రం. ఏదో మొదలుపెట్టి చెరిపేసింది. అతను చదివి నొచ్చుకోవడం తప్ప చెయ్యగలిగేదేముంది.

సోమవారం ఆఫీసు సిస్టమ్‌లో ఫిర్యాదుగా టికెట్ వేసింది. ఈసారి దాచలేదు. ఆ ఇల్లు నాదే, ఆ మనిషి నా భర్త అని రాసింది. రెండేళ్లుగా రాయలేని వాక్యం, తీరా రాస్తే ఇంత చిన్నది. జవాబు మర్యాదగా వచ్చింది. మీకు కలిగిన బాధకు చింతిస్తున్నాము, ఇది రెండో విడత జాబితాలో ఉంది, ఈలోగా ఒక్క మీ నంబరు కావాలంటే తీసేస్తాము అని. ఒక్క తన నంబరు తీయించుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు. జవాబివ్వలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గుర్తుచేసే మెసేజ్ వచ్చి ఉంది. మూడో రోజు. ఇంకా జవాబివ్వకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అయిదుకి అయిదూ వేసింది తనే.

మరి రెండు రోజులకు ఆయన ఫోన్ మోగింది. ఆమె ఎత్తింది. హుషారైన ఆడగొంతు, కంప్యూటర్‌ది, పద్మనాభం గారిని పేరు పెట్టి పలకరించింది. ఆ పేరుని సరిగ్గా ఎలా పలకాలో ఎవరో దానికి నేర్పారు. పద్మనాభం గారే అయితే ఒకటి నొక్కమంది. ఆయన ఇప్పుడు అందుబాటులో లేకపోతే రెండు నొక్కమంది, మళ్లీ చేస్తానంది.

శశికళ ఫోన్ తెర మీది అంకెలన్నీ ఒక్కొక్కటే చూసింది. ఆమెకు కావలసింది వాటిలో లేదు. ఆ గొంతు ఆయన పేరుతో మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టింది. అది దానంతటది ఆగిపోయేదాకా ఆమె వింటూ నిలబడింది. ఆగాక ఫోన్‌ని చార్జింగ్‌లో పెట్టి, లైటు తీసేసి, గది తలుపు దగ్గరగా వేసింది.